ఇంటి మిల్లింగ్ మిషనుకు ఎల్.ఇ.డి. వెలుగు: కాంతి ఒక్కటే చాలదు

ఇంటి ప్రక్కన రేకుల షెడ్డు వేసుకొని, అందులో ఒక లేతును, ఒక చిన్న మిల్లింగ్ మిషనును నిలుపుకొని కూలి పనులు చేసి ఇచ్చే కుటుంబాలకు హోసూరు పరిసరాలు కొత్త కావు. పగలు కంపెనీలో పనిచేసి, సాయంకాలం ఇంటి షెడ్డులో సొంత పని చేసుకొనేవారికి రాత్రి వేళే అసలు పని వేళ. అటువంటి షెడ్డులో మిషను మీద పెట్టిన శ్రద్ధ వెలుగు మీద పెట్టకపోవడం తరచుగా చూస్తాము. ఇప్పుడు ఎల్.ఇ.డి. దీపాలు చవుకగా దొరుకుతున్నాయి కనుక ఆ లోటు తీర్చుకోవడం కష్టం కాదు. అయితే ప్రకాశం ఎక్కువైనంత మాత్రాన అది మంచి దీపం కాదు. తగని దీపం చీకటికంటె ప్రమాదకరం కాగలదు. ఆ సంగతి వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఎంత వెలుగు కావలెను?

పనిచేసే చోట పడే వెలుగును లక్స్ అనే మానంతో కొలుస్తారు. మిల్లీమీటరులో పదవ వంతుకు లోబడిన తేడాతో లోహాన్ని కోసే సున్నితమైన పనికి 500 లక్స్ అయినా ఉండవలెనని యూరపు ప్రమాణాలు చెబుతున్నాయి. షెడ్డు కప్పుకు వ్రేలాడే ఒక్క బల్బుతో ఇది సాధ్యపడదు.

వయస్సు కూడా లెక్కలోనికి వస్తుంది. అరవై ఏండ్లవారి కంటి లోపలి పొరకు చేరే వెలుగు, ఇరవై ఏండ్లవారికి చేరేదానిలో సుమారు మూడవ వంతు మాత్రమే. కుమారునికి స్పష్టంగా కనబడే వెర్నియర్ గీత తండ్రికి కనబడకపోవడానికి కంటి అద్దాలు మాత్రమే కారణం కాదు.

దూరము, నీడ

దీపం నుంచి దూరం రెండింతలైతే వెలుగు నాలుగవ వంతుకు పడిపోతుంది. కప్పు దగ్గర 2.4 మీటర్ల దూరాన ఉన్న దీపాన్నే కట్టరుకు 60 సెంటీమీటర్ల దూరానికి తెస్తే, అదే కరెంటుతో సుమారు పదహారింతల వెలుగు పడుతుంది. కనుక పెద్ద బల్బు కొనుటకంటె చిన్న దీపాన్ని దగ్గరకు తెచ్చుకొనుట మేలు.

రెండవది నీడ. మిల్లింగ్ మిషను తల పనిముక్కకు సరిగ్గా పైన ఉంటుంది. పైనుంచి వచ్చే వెలుగును ఆ తలయే అడ్డగిస్తుంది. మనిషి ముందుకు వంగితే అతని నీడ కూడా తోడవుతుంది. అందుచేత వెలుగు రెండు ప్రక్కల నుంచి, లేదా స్పిండిలు చుట్టూ వలయంగా రావలెను. ఒకే దిక్కు నుంచి ఏటవాలుగా పడే వెలుగుకు కూడా ఒక ప్రయోజనం ఉన్నది. సూదితో గీసిన మార్కింగు గీతలు దానిలో స్పష్టంగా తేలుతాయి. వలయ దీపం ఒకటి, వంచుకొనే మెడగల దీపం మరొకటి ఉంటే రెండు అవసరాలూ తీరుతాయి.

కంటిని మోసగించే వెలుగు

ఇదే అన్నింటికంటె ముఖ్యమైన విషయం. మన ఇండ్లకు వచ్చే ఏ.సి. విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు చేస్తుంది. ఒక్కొక్క ఆవృత్తిలో ప్రవాహం రెండు పర్యాయాలు శిఖరానికి చేరి తగ్గుతుంది. పాత ఫిలమెంటు బల్బులో కాలిన తీగ అంత స్వల్ప వ్యవధిలో చల్లారదు కనుక వెలుగు దాదాపు నిలకడగా ఉండేది. ఎల్.ఇ.డి.కి అటువంటి నిలువ వేడిమి లేదు. కరెంటు తగ్గిన మరుక్షణమే వెలుగు తగ్గుతుంది. లోపలి సర్క్యూటు నాసిరకమైనదైతే ఆ దీపం సెకనుకు 100 పర్యాయాలు వెలిగి మసకబారుతుంది. మన కంటికి ఆ సంగతి తెలియదు.

ఇప్పుడు లెక్క చూడండి. నాలుగు పళ్ల ఎండ్‌మిల్ నిమిషానికి 1500 చుట్లు తిరుగుతున్నదనుకొందాం. అనగా సెకనుకు 25 చుట్లు. 25ను 4తో గుణిస్తే సెకనుకు 100 పళ్లు ఒక చోటును దాటిపోతాయి. దీపం కూడా సెకనుకు 100 పర్యాయాలే వెలుగుతున్నది. ఒక వెలుగుకూ మరొక వెలుగుకూ నడుమ కట్టరు సరిగ్గా ఒక పన్ను మేర తిరుగుతుంది. అన్ని పళ్లూ ఒకే రూపం కనుక కట్టరు కదలక నిలిచినట్టు కనిపిస్తుంది. రెండు పళ్ల కట్టరు 3000 చుట్ల వేగంతో తిరిగినా ఇదే జరుగుతుంది. వేగం 1500కు కొద్దిగా తక్కువైతే కట్టరు మెల్లగా వెనుకకు తిరుగుతున్నట్టు తోస్తుంది.

మిషను ఆగినదన్న భ్రమతో రజను తుడవడానికి చేయి చాచితే కలిగే అనర్థం వేరుగా చెప్పనక్కరలేదు. ప్రక్కన లేతు కూడా నడుస్తూ ఉంటే ఏ మిషను తిరుగుతున్నదో చెవికి సైతం తెలియదు. ట్యూబులైట్ల కాలంలోనే పెద్ద కర్మాగారాలవారు ఈ దోషాన్ని ఎరిగి, దీపాలను మూడు ఫేజులకు పంచి కలిపేవారు. ఒక ఫేజులో వెలుగు తగ్గిన క్షణంలో మరొక ఫేజు దీపం వెలుగుతూ ఉండేది. సింగిల్ ఫేజు మాత్రమే ఉన్న ఇంటి షెడ్డుకు ఆ ఉపాయం చెల్లదు.

ఇంటిలోనే పరీక్ష

దీపాన్ని కొనక మునుపే అంగడిలో పరీక్షించవచ్చును. ఆ దీపం ఒక్కటే వెలుగుతుండగా ఒక పెన్సిలును దాని ముందు వేగంగా అటూ ఇటూ ఆడించండి. పెన్సిలు ఒకే మసక రేఖగా కనబడితే వెలుగు నిలకడగా ఉన్నట్టు. విడివిడిగా అనేక పెన్సిళ్లు కనబడితే ఆ దీపం మిణుకుతున్నట్టు. మొబైల్ ఫోను కెమెరాతో దగ్గరనుంచి చూచినప్పుడు తెర మీద నల్లని చారలు కదలాడినా అదే అర్థం. కొన్ని ఫోన్లు ఈ చారలను తామే సవరించుకొంటాయి కనుక పెన్సిలు పరీక్షను విడిచిపెట్టవద్దు.

ఏది ఎంచుకోవలెను?

మిషను మీద 230 వోల్టుల దీపాన్ని నేరుగా అమర్చకపోవడం ఉత్తమం. కూలెంటు నీరు, పదునైన రజను, కదిలే టేబులు ఉన్న చోట తీగకు గాయమయ్యే అవకాశం ఎక్కువ. 12 లేదా 24 వోల్టుల డి.సి.తో వెలిగే ఎల్.ఇ.డి.లను, మంచి రకపు ఎస్.ఎం.పి.ఎస్. పవర్ సప్లయినీ తీసుకోండి. స్థిరమైన డి.సి. ఇచ్చే సప్లయితో మిణుకు సమస్య, షాకు భయం రెండూ తగ్గుతాయి. విశాలమైన ఇన్‌పుట్ పరిధి గల సప్లయి అయితే పల్లెలలో ఓల్టేజి పడిపోయినా వెలుగు తగ్గదు. వెలుగును తగ్గించి పెంచే చవుక డిమ్మరును మాత్రం కలుపవద్దు. అది మిణుకును మరల తెచ్చిపెట్టవచ్చును.

లెక్క సులభమే. మీటరుకు 14.4 వాట్ల ఎల్.ఇ.డి. పట్టీ అర మీటరు తీసుకొంటే 7.2 వాట్లు. 5 వాట్ల దీపాలు రెండు చేరితే మొత్తం 17.2 వాట్లు. 24 వోల్టులకు ఇది 0.72 ఆంపియరు. సప్లయిని అంచుకు నడపరాదు కనుక 1 ఆంపియరుకు తగ్గని సప్లయి కావలెను. 12 వోల్టుల దీపాన్ని 24 వోల్టులకు కలిపితే క్షణంలో కాలిపోతుంది. కనుక అన్నీ ఒకే వోల్టేజివి కొనండి.

కార్ల హెడ్‌లైట్ల చుట్టూ అలంకారానికి పెట్టే ఎల్.ఇ.డి. వలయాలు స్పిండిలు చుట్టూ అమర్చడానికి చక్కగా పనికివస్తాయి. ఇవి సాధారణంగా 12 వోల్టులవి. వెలుగు రంగు 4000 నుంచి 5000 కెల్విన్ నడుమ ఉంటే కంటికి హాయి.

అమర్చే విధానం

వలయాన్ని స్పిండిలు యొక్క తిరగని భాగానికే బిగించవలెను. కట్టరు మార్చుకొనడానికి, క్విల్ పైకీ క్రిందికీ నడవడానికి అడ్డు రాకుండా చూసుకోండి. వెనుక అతికించి ఉన్న జిగురును నమ్మవద్దు. నూనె తగిలితే అది వదులుతుంది. అయస్కాంతంతో నిలిపితే ఇనుప రజను దానికే చుట్టుకొంటుంది. మరలు, క్లాంపులు మేలు. పట్టీని అల్యూమినియం చానెలులో పెట్టి, పైన పాలరంగు మూత వేస్తే వేడి బయటకు పోతుంది, మెరుగు పెట్టిన లోహం మీద కన్ను చెదరదు, రజను కూడా తగలదు.

తీగను కట్టక ముందు టేబులును ప్రతి దిక్కులోనూ చివరివరకు నడిపి, తలను పూర్తిగా ఎత్తి, దించి చూడండి. ఎక్కడా తీగ లాగుకొనరాదు, కట్టరు దరికి వ్రేలాడరాదు. ఈ పని అంతా మిషను ప్లగ్గు తీసిన తరువాతనే చేయవలెను.

విద్యుత్ కలుపుటలో మూడు నియమాలు

మొదటిది: మోటారు వేగాన్ని మార్చే డ్రైవు ఉంటే, దాని అవుట్‌పుట్ నుంచి దీపానికి కరెంటు తీసుకోరాదు. డ్రైవుకు ముందున్న లైను నుంచే తీసుకోవలెను.

రెండవది: ఎమర్జెన్సీ స్టాప్ బొత్తాము నొక్కితే మోటారు ఆగవలెను గాని దీపం ఆరరాదు. ఆపద సమయంలో చీకటి మరొక ఆపద. దీపానికి వేరే స్విచ్చి, వేరే ఫ్యూజు ఉండవలెను.

మూడవది: సప్లయి లోహపు పెట్టెకూ, మిషను దేహానికీ ఎర్తు తప్పక ఉండవలెను. షెడ్డు లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించండి. ఈ భాగం తెలియనివారు లైసెన్సు గల ఎలక్ట్రీషియనుతోనే చేయించుకోవలెను.

అన్నీ ఒకేసారి చేయలేనివారు ముందుగా వంపు మెడగల తక్కువ వోల్టుల దీపం ఒక్కటైనా, పెన్సిలు పరీక్షకు నిలిచినదానిని, పెట్టుకోండి. ఎంత మంచి దీపం పెట్టినా స్విచ్చి ఆపి, స్పిండిలు పూర్తిగా నిలిచినదని నిశ్చయించుకొన్న పిమ్మటనే, చేతితో గాక బ్రష్షుతో రజను తుడవడం అలవాటు చేసుకోవలెను. షెడ్డులోనికి వచ్చే ఇంటి పిల్లలకు కూడా ఈ అలవాటును మొదటి పాఠంగా నేర్పండి.