నీలి మధ్యాహ్నం, ఆకుపచ్చ రాత్రి

నార్వేలో ఉత్తరాన, ఆర్కిటిక్ వలయానికి సుమారు 350 కిలోమీటర్లు ఎగువన ట్రోమ్సో అనే ఊరుంది. డిసెంబరు 21న అక్కడ మిట్టమధ్యాహ్నం సూర్యుడు దిగంతానికి మూడు డిగ్రీల కిందే ఉండిపోతాడు. నవంబరు చివర్లో దిగిపోయినవాడు, మనం సంక్రాంతి అరిసెలు తినే రోజులకు గాని మళ్లీ దిగంతం దాకా రాడు. చుట్టూ కొండలు అడ్డం కాబట్టి ఊరివాళ్లకు మొహం చూపించేసరికి జనవరి 21 అవుతుంది. ఆ రోజు బడిపిల్లల దగ్గర్నుంచి ఆఫీసు ఉద్యోగుల దాకా సూర్యుడి పేరు మీద బన్నులు తిని పండగ చేసుకుంటారు.

ఈ ఏడు వారాలూ అక్కడ ఇరవై నాలుగు గంటలూ చీకటేనని చాలామంది అనుకుంటారు. ఆ నమ్మకంతోనే పగలంతా హోటల్లో పడుకుని, రాత్రయ్యాక ఆకాశంలో మెరిసే రంగుల వెలుగు, అరోరాను చూపించే బస్సెక్కుతారు. దాంతో సగం ప్రయాణం వృథా అయినట్టే. సూర్యుడు దిగంతానికి ఆరు డిగ్రీల లోపు కింద ఉన్నంతసేపూ దీపం లేకుండా దారి కనిపించేంత వెలుతురు ఉంటుంది. డిసెంబరు 21న కూడా ట్రోమ్సోలో అలాంటి వెలుతురు నాలుగు గంటలకు పైగా దొరుకుతుంది. పైగా అది మామూలు వెలుతురు కాదు. ఆకాశం, కొండలు, మంచు, ఎదుటి మనిషి మొహం అన్నీ చిక్కటి నీలంలో ఉంటాయి. మన ఊళ్లలో ఈ నీలం సూర్యాస్తమయం తరవాత పావుగంటో ఇరవై నిమిషాలో ఉండి పోతుంది. అక్కడ అదే పగలు.

ఆకాశం ఎందుకు నీలమంటే గాలి అణువులు నీలి కాంతిని ఎక్కువగా చెదరగొడతాయి కాబట్టి అని బడిలో చదువుకున్నాం. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు అది సరిపోతుంది. సూర్యుడు దిగంతం కిందికి వెళ్లాక మాత్రం ఆ లెక్క కుదరదు. అంత ఏటవాలుగా, అంత గాలిని దాటుకుని వచ్చే వెలుగులో నీలం దారిలోనే చాలావరకు చెదిరిపోతుంది. ఆ లెక్కన నడినెత్తి ఆకాశం పసుపు కలిసిన బూడిద రంగులో ఉండాలి. అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ హల్బర్ట్ 1953లో ఈ చిక్కు విప్పాడు. నీలాన్ని కాపాడుతున్నది ఓజోన్. 15 నుంచి 35 కిలోమీటర్ల ఎత్తున దట్టంగా ఉండే ఓజోన్, అతినీలలోహిత కిరణాలను మింగడమే కాక పసుపు, నారింజ రంగులను కూడా కొద్దికొద్దిగా పీల్చుకుంటుంది. వెలుగు నిట్టనిలువుగా దాటితే ఆ తేడా కంటికి ఆనదు. ఏటవాలుగా వందల కిలోమీటర్లు ఆ పొరలోనే ప్రయాణిస్తే నారింజ తరిగిపోయి నీలం మిగులుతుంది. సూర్యాస్తమయ వేళ నడినెత్తి నీలంలో మూడింట రెండు వంతులు ఓజోన్ చలవేనని హల్బర్ట్ లెక్క.

ఈ నీలానికి తగ్గట్టు కళ్లనే మార్చుకున్న జంతువొకటి అక్కడుంది. రెయిన్‌డీర్ కంటిలో రెటీనా వెనక వెలుగును తిప్పికొట్టే పొర ఒకటుంటుంది. వేసవిలో బంగారు రంగులో ఉండే ఆ పొర చలికాలం వచ్చేసరికి నీలంగా మారిపోతుందని 2013లో పరిశోధకులు తేల్చారు. మసక వెలుతురులో చూపుకు సాయం కావడానికే ఈ ఏర్పాటు.

మంచులో కూరుకుపోకుండా కాళ్లకు వెడల్పాటి స్నోషూలు కట్టుకుని నడిచేటప్పుడు, చేతికర్రను లోతైన తాజా మంచులోకి మోచేతి లోతు గుచ్చి తీసి, ఆ రంధ్రంలోకి తొంగి చూడండి. పైన తెల్లగా ఉన్న మంచు లోపల లేతనీలంగా కనిపిస్తుంది. దీనికి ఓజోన్‌తో పనిలేదు. నీటి అణువులో ఆక్సిజన్‌కూ హైడ్రోజన్‌కూ మధ్య ఉన్న బంధం ఎరుపు కాంతిని కాస్త పీల్చుకుంటుంది. మంచు రేణువుల మధ్య అటూ ఇటూ తగిలి తగిలి లోపలిదాకా వెళ్లిన వెలుగులో ఎరుపు తగ్గిపోయి నీలం తేలుతుంది. అన్నట్టు, నడకకు నూలు బనియను వద్దు. చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోతే ఆరదు, వణుకు మొదలవుతుంది. లోపల ఉన్ని వేసుకోవాలి.

ఇక రాత్రి సంగతి. సూర్యుడి నుంచి వచ్చే రేణువులు నేరుగా ధ్రువాల మీద పడి మెరుస్తాయని చాలాచోట్ల రాసేస్తుంటారు. కథ అంత సూటిగా లేదు. సెకనుకు 400 కిలోమీటర్ల ప్రాంతంలో వీచే సౌరపవనం భూమి అయస్కాంత క్షేత్రాన్ని రాత్రి వైపుకు పొడవాటి తోకలా సాగదీస్తుంది. ఆ తోకలో శక్తి పోగుపడుతుంది. బలరేఖలు తెగి మళ్లీ అతుక్కున్నప్పుడు, అక్కడి ఎలక్ట్రాన్లు వేగం పుంజుకుని రేఖల వెంట భూమి వైపు దూసుకొస్తాయి. అవి దిగేది ధ్రువం మీద కాదు, ధ్రువం చుట్టూ ఉండే ఒక వలయంలో. ట్రోమ్సో ఆ వలయం కిందే ఉంది. నార్వే శాస్త్రవేత్త క్రిస్టియన్ బిర్కెలాండ్ గత శతాబ్దం మొదట్లోనే గాలి తీసేసిన పెట్టెలో అయస్కాంత గోళాన్ని పెట్టి, దాని మీదికి ఎలక్ట్రాన్లు వదిలి, ధ్రువాల చుట్టూ వెలిగే వలయాలను చేసి చూపించాడు. నార్వే వాళ్లు తరవాత 200 క్రోనర్ల నోటు మీద ఆయన బొమ్మ వేసుకున్నారు.

ఎలక్ట్రాన్లు తగిలితే ఆకుపచ్చ రంగే ఎందుకు రావాలి? దీనికి జవాబు దొరకడానికి దాదాపు అరవై ఏళ్లు పట్టిందనే చెప్పాలి, ఎందుకంటే 1860ల్లోనే స్వీడన్‌కు చెందిన ఆంగ్‌స్ట్రామ్ ఆ ఆకుపచ్చ గీతను వర్ణపటంలో కొలిచాడు. తెలిసిన ఏ మూలకంతోనూ అది సరిపోలలేదు. ఖండాలు కదులుతాయని చెప్పిన వేగెనర్, పై గాలిలో మనకు తెలియని తేలికపాటి వాయువు ఉందేమోనన్నాడు, దానికి పేరు కూడా పెట్టేశాడు. చివరికి 1925లో టొరంటోలో మెక్లెన్నన్, ష్రమ్ అనే శాస్త్రవేత్తలు అదే గీతను ప్రయోగశాలలో పుట్టించారు. తేలిందేమిటంటే అది ఆక్సిజనే, కాకపోతే ఒంటరి పరమాణువు. మనం పీల్చేది రెండు పరమాణువుల జంట, ఓజోన్ అంటే మూడు. వంద కిలోమీటర్ల పైన అతినీలలోహిత కిరణాలు జంటలను విడగొట్టేస్తాయి, అక్కడ ఒంటరి పరమాణువులే ఎక్కువ. దెబ్బ తిన్న పరమాణువు తనకొచ్చిన శక్తిని ఆకుపచ్చ కాంతిగా వదలడానికి ముప్పావు సెకను పడుతుంది. పరమాణువుల లెక్కలో అది యుగమంత కాలం. ఎరుపు వదలాలంటే దాదాపు రెండు నిమిషాలు. ఈలోగా పక్కన ఇంకేదైనా వచ్చి తగిలితే శక్తి అటు పోతుంది, వెలుగు రాదు. అందుకే ఎరుపు 200 కిలోమీటర్లు దాటాక, గాలి మరీ పలచబడ్డాకే కనిపిస్తుంది. దాని కింద వంద కిలోమీటర్ల దాకా ఆకుపచ్చ. ఇంకా కిందికి చొచ్చుకొచ్చే బలమైన ఎలక్ట్రాన్లు నైట్రోజన్‌ను వెలిగించి, తెరలా వేలాడే అరోరా కింది అంచుకు గులాబీ, ఊదా రంగులు అద్దుతాయి.

2024 మే 10 రాత్రి లద్దాఖ్‌లోని హాన్లే ఖగోళ కేంద్రం కెమెరాలకు ఎర్రటి ఆకాశం చిక్కడానికీ ఇదే కారణం. ఆ రాత్రి వచ్చిన సౌర తుపానుకు అరోరా వలయం బాగా దక్షిణానికి జరిగింది. అయినా హాన్లేకు అది దూరమే. ఊరు కనపడకముందే గాలిగోపురం కొస కనిపించినట్టు, భూమి వంపు కింద ఆకుపచ్చ దాగిపోయి, ఎత్తున ఉన్న ఎరుపు ఒక్కటే కనిపించింది.

కెమెరాలకు చిక్కింది అన్న మాట ముఖ్యం. మసక వెలుతురులో మన కంటికి రంగు సరిగా తెలియదు. ఓ మాదిరి అరోరా తొలిచూపుకు పలచటి తెల్లమబ్బులా ఉంటుంది, ఫోను మూడు సెకన్లు వెలుగు పోగుచేసి పచ్చగా చూపిస్తుంది. ఫొటోలు చూసి వెళ్లినవాళ్లలో కొందరు నిరుత్సాహపడేది ఇక్కడే. బలంగా వచ్చిన రాత్రి మాత్రం కంటికే పచ్చదనం, అంచున గులాబీ, కదలిక అన్నీ తెలుస్తాయి. ఆ కదలిక ఏ ఫొటోలోనూ పడదు.

అలాంటి రాత్రి ఎప్పుడొస్తుందో ముందే తెలుస్తుందా? శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న వెళ్లిన వ్యోమనౌక ఆదిత్య-ఎల్1 భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో సౌరపవనాన్ని కొలుస్తోంది. అక్కడ దాటిన గాలి మనల్ని చేరడానికి మామూలుగా గంట పడుతుంది. అంటే నమ్మదగిన ముందస్తు కబురు కూడా అంతే. నెలల ముందు టికెట్ కొనేవాళ్లకు అదేమీ పనికిరాదు. వలయం కిందే ఉన్న ఊరికి సూర్యుడు మరీ ఉగ్రంగా ఉండనక్కర్లేదు కూడా, అసలు అడ్డంకి మబ్బు. ట్రోమ్సో సముద్రం ఒడ్డు, తేమ ఎక్కువ. అందుకే గైడ్లు ఒక్కోసారి ఫిన్లాండ్ సరిహద్దు దాటి మరీ తీసుకెళ్తారు. కొండల చాటున వానలు తక్కువ పడే స్వీడన్‌లోని అబిస్కోకు నిర్మలాకాశం విషయంలో మంచి పేరుంది.

అరోరా ఒక్కటే కావాలంటే మార్చి మంచిది. పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తుల దగ్గర సౌరపవనం అయస్కాంత క్షేత్రం, భూమి క్షేత్రం ఒకదానికొకటి తేలిగ్గా ముడిపడే కోణంలో ఉంటాయి, అయస్కాంత తుపాన్లు ఎక్కువ. చలి కూడా కాస్త తగ్గుతుంది. నన్నడిగితే మాత్రం జనవరి మొదటి రెండు వారాలే అంటాను. అరోరా సెప్టెంబరు నుంచి మార్చి దాకా ఏ చీకటి రాత్రయినా రావచ్చు. ఓజోన్ నీలంలో మధ్యాహ్నం పూట నడవాలంటే ఆ ఏడు వారాలు తప్ప వేరే గడువు లేదు.