లోయర్ ఆర్మ్ మార్చారా? అలైన్‌మెంట్ మరవకండి!

విజయవాడ, ఆటోనగర్‌: గుంతల రోడ్లపై తిరిగే కార్లలో ముందుగా దెబ్బతినేది ముందు చక్రాల సస్పెన్షనే. గుంతలో దిగినప్పుడల్లా లొటలొట శబ్దం రావడం, బ్రేకు వేస్తే స్టీరింగ్ పక్కకు లాగడం లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు అరిగాయనడానికి సాధారణ సంకేతాలు. వాటిని మార్చాక శబ్దం ఆగితే చాలు, పని పూర్తయిందని యజమానులు బండి తీసుకెళ్లిపోతుంటారు. అలైన్‌మెంట్ ఖర్చు మిగిలిందనుకుంటే, వేల రూపాయల టైర్లు ఒక అంచున నున్నగా అరిగి అంతకు మించిన నష్టం తెచ్చిపెడతాయి.

ఎందుకు మారుతుంది?

మారుతి స్విఫ్ట్, హ్యుందాయ్ ఐ10 వంటి కార్లలో ముందువైపు ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్ విధానం. ఇందులో చక్రం హబ్బును పైనుంచి స్ట్రట్, కిందనుంచి లోయర్ ఆర్మ్ పట్టి ఉంచుతాయి. బుష్ అరిగే కొద్దీ చక్రం అడుగుభాగం తన స్థానం నుంచి జరుగుతుంది. కొత్త ఆర్మ్ వేయగానే అది తిరిగి యథాస్థానానికి వస్తుంది. టై రాడ్ మాత్రం పాత కొలతలోనే ఉండిపోతుంది. అందువల్ల చక్రాల దిశ తప్పుతుంది.

మూడు కోణాలు

కారును ఎదురుగా నిలబడి చూసినప్పుడు చక్రం లోపలికో బయటికో వాలి ఉండటం క్యాంబర్. పక్కనుంచి చూస్తే స్టీరింగ్ తిరిగే అక్షం వాలు క్యాస్టర్. సైకిల్ ముందు ఫోర్కు వాలు వంటిదే ఇది. నడిచే మనిషి పాదాలు లోపలికో బయటికో తిరిగి ఉన్నట్లు, చక్రాల ముందు అంచులు తిరిగి ఉండటం టో. ఒక్కో చక్రం టో అర డిగ్రీ తప్పినా, ప్రతి కిలోమీటరుకు దాదాపు 8.7 మీటర్ల మేర టైరు రోడ్డుపై అడ్డంగా రాసుకుపోతుంది. చక్రాలు బయటికి తిరిగి ఉంటే లోపలి అంచు, లోపలికి తిరిగి ఉంటే బయటి అంచు అరుగుతుంది.

బిగింపులోనే కిటుకు

కారు జాకీపై ఉండి చక్రాలు వేలాడుతున్నప్పుడు బుష్ బోల్టులను పూర్తిగా బిగించరాదు. అలా బిగిస్తే కారు కిందికి దిగగానే బుష్‌లోని రబ్బరు మెలిపడి త్వరగా చిరిగిపోతుంది. బాల్ జాయింట్ నట్టును ముందే బిగించి, బుష్ బోల్టులను మాత్రం చక్రాలపై బండి బరువు పడిన తరువాత, కంపెనీ చెప్పిన కొలత ప్రకారం టార్క్ రెంచితో బిగించాలి. అలైన్‌మెంట్ ఆ తరువాతే.

వరుస తప్పరాదు

తొలుత నాలుగు టైర్లలో గాలి సరిచూడాలి. వీల్ బేరింగు, టై రాడ్ ఎండ్లలో లూజు ఉంటే ఏ సర్దుబాటూ నిలవదు. స్టీరింగును నిటారుగా నిలిపి లాక్ చేసి కొలతలు తీయాలి. చాలా చిన్న కార్లలో ముందు చక్రాలకు సర్దుబాటు చేయగలిగేది టో ఒక్కటే. రెండు వైపులా టై రాడ్ లాక్ నట్లను వదులు చేసి, ఏ చక్రానికి ఆ చక్రం కొలత సరిపోయేలా తిప్పి, తిరిగి గట్టిగా బిగించాలి. ఒకవైపే తిప్పి లెక్క సరిచేస్తే కారు నేరుగా వెళుతున్నా స్టీరింగ్ వంకరగా ఉంటుంది.

క్యాంబర్ గానీ క్యాస్టర్ గానీ బాగా తేడాగా కనిపిస్తే ఏదో ఒక భాగం వంగి ఉండవచ్చు, లేదా సబ్‌ఫ్రేమ్ పక్కకు జరిగి ఉండవచ్చు. కారణం వెతకకుండా టో సరిచేసి పంపితే సమస్య దాచినట్లే. స్టెబిలిటీ కంట్రోల్ ఉన్న కార్లలో అవసరాన్ని బట్టి స్టీరింగ్ యాంగిల్ సెన్సరును స్కానర్‌తో సున్నాకు చేర్చాలి.

యజమాని చేయవలసింది

పనికి ముందు, తరువాత తీసిన కొలతల ప్రింటు రెండూ అడిగి తీసుకోవాలి. ఖాళీగా ఉన్న సమతల రోడ్డుపై తక్కువ వేగంతో నడిపి చూడాలి. కారు ఇంకా ఒకవైపే లాగుతుంటే, దిశ నిర్దేశం లేని టైర్లయిన పక్షంలో ముందు టైర్లను కుడి ఎడమలు మార్చి మళ్లీ నడపాలి. లాగే వైపు మారితే లోపం టైరులో ఉన్నట్లు. మారకుంటే తిరిగి కొలతలు చూడవలసిందే. కొత్త ఆర్మ్ వేశాక కూడా శబ్దం వస్తుంటే అలక్ష్యం చేయరాదు. బాల్ జాయింట్ ఊడితే చక్రం మడతపడి, బండి అదుపు తప్పుతుంది. కనుక జాతీయ రహదారి ఎక్కేముందే ఒక్కసారి మెకానిక్‌కు చూపడం క్షేమం.