అరిగిన చక్రం, వంపు తిరిగిన పట్టా

చీపురుపల్లి స్టేషన్ హౌరా–చెన్నై ప్రధాన రైలుమార్గం మీద ఉంది. అక్కడి నుంచి విజయనగరం వైపు వెళ్ళే బండి ఇంజన్‌కు తన వేగం ఎలా తెలుస్తుంది? చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి. డబ్ల్యూఏపీ–7 రకం విద్యుత్ ఇంజన్ కొత్త చక్రం వ్యాసం 1092 మిల్లీమీటర్లు. దాన్ని 3.1416తో గుణిస్తే చుట్టుకొలత సుమారు 3431 మిల్లీమీటర్లు, అంటే కిలోమీటరుకు 291న్నర చుట్లు. చక్రం అరిగే కొద్దీ వ్యాసం 1016 వరకూ తగ్గవచ్చు. అప్పుడు అదే కిలోమీటరుకు 313 చుట్లు పడతాయి. ఆ సంగతి స్పీడోమీటరుకు చెప్పకపోతే అది 100 అని చూపిస్తున్నప్పుడు బండి నిజంగా 93 వేగంతోనే పోతుంటుంది. అందుకే మారిన వ్యాసాన్ని అందులో నమోదు చేస్తారు. ఇంతకీ ఆ 93 రావడానికి 1016ను 1092తో భాగిస్తే సరిపోయింది. 3.1416తో, అంటే ‘పై’తో, పనే పడలేదు. బడిలో మనం 22/7 దగ్గరే ఆగిపోతాం గానీ, ఈ సూత్రంలో అసలు బలం ఆ అంకెది కాదు, అనుపాతానిది. వ్యాసం ఎంత శాతం తగ్గితే చుట్టుకొలతా అంతే శాతం తగ్గుతుంది.

అంకె తప్పైతే లెక్కంతా తప్పదా అని అడగవచ్చు. తప్పుతుంది, కానీ ఎంత అన్నదే ప్రశ్న. వృత్తంలో వ్యాసార్ధమంత భుజంతో సరిగ్గా ఆరు భుజాల బొమ్మ పడుతుంది. దాని చుట్టుకొలత ఆరు వ్యాసార్ధాలు, అంటే మూడు వ్యాసాలు. వృత్తం ఆ బొమ్మ మూలలను తాకుతూ బయటి నుంచి పోతుంది గనక మూడు కన్నా ఎక్కువే ఉండాలి. వృత్తాన్ని ఎంత పెద్దది చేసినా లోపలి బొమ్మ దానితో పాటే పెరుగుతుంది. చుట్టుకొలతకూ వ్యాసానికీ ఉన్న నిష్పత్తి మారకపోవడానికి కారణం అదే. ఆర్కిమెడీస్ 96 భుజాల దాకా వెళ్ళి, అసలు విలువ 22/7 కన్నా కొంచెం తక్కువని తేల్చాడు. 499లో ఆర్యభటుడు 20000 వ్యాసానికి 62832 పరిధి అన్నాడు, అదీ ‘సుమారు’ అని చెబుతూనే. పావులూరి మల్లన తెలుగు చేసిన గణితసారసంగ్రహం మూలకర్త మహావీరాచార్యుడు స్థూలంగా 3, సూక్ష్మంగా 10కి వర్గమూలం వాడమన్నాడు. మూడు వాడితే నాలుగున్నర శాతం తగ్గుతుంది, వర్గమూలంతో ముప్పావు శాతం లోపే పెరుగుతుంది. పని ఎంత సన్నంగా ఉండాలో దాన్ని బట్టి అంకెను ఎంచుకోవడం నాకు తెలివైన పద్ధతిగానే తోస్తుంది.

ఈ అనుపాతంలో అసలు వింత పట్టాల వంపు దగ్గర కనిపిస్తుంది. మన బ్రాడ్‌గేజ్ పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. దారి సరిగ్గా లంబకోణం తిరిగిందనుకుందాం. లోపలి పట్టా 400 మీటర్ల వ్యాసార్ధంతో తిరిగితే దాని పొడవు 628.3 మీటర్లు, బయటి పట్టాది 631. అదే 4000 మీటర్ల వ్యాసార్ధమైతే 6283.2, 6285.8. రెండు చోట్లా తేడా 2.63 మీటర్లే! పెద్ద వంపుకు తేడా కూడా పెద్దదిగా ఉండాలని మనసు అంటుంది గానీ, చుట్టుకొలతల తేడా వ్యాసార్ధాల తేడా మీదే ఆధారపడుతుంది. ఆ తేడా ఎక్కడైనా 1676 మిల్లీమీటర్లే కదా.

మరి ఇరుకు వంపులోనే చక్రాలు కీచుమంటాయెందుకు? మొత్తం తేడా ఒకటే అయినా, చిన్న వంపులో అది 628 మీటర్లలోనే తీరాలి, అంటే మీటరుకు నాలుగు మిల్లీమీటర్ల పైన. పెద్ద వంపులో మీటరుకు అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఇరుసుకు బిగించిన రెండు చక్రాలూ ఒకే లెక్కన తిరగక తప్పదు. అందుకే చక్రం అంచును కొద్దిగా వాలుగా చెక్కుతారు. వంపులో ఇరుసు బయటి వైపుకు కాస్త జరిగితే, బయటి చక్రం తన లావుపాటి భాగం మీద, లోపలిది సన్నని భాగం మీద దొర్లుతాయి. వ్యాసం పెరిగిన చోట చుట్టుకొలత పెరిగి, బయటి చక్రం అదే ఒక్క చుట్టులో ఎక్కువ దూరం పోతుంది. ఆ వాలు సరిపోనంత ఇరుకు వంపులోనే ఇనుము ఇనుము మీద జారి కీచుమంటుంది.