"మా ఇంట్లో అంతా బాగానే ఉందండి!"

గృహదర్శనములకు వెళ్లినప్పుడు మేము ఎక్కువగా వినే మాట ఇది. పత్తికి పురుగు పట్టినా, మిరప ధర పడిపోయినా, భార్యాభర్తలు మాట్లాడుకొని నెల దాటినా, సేవకుని ఎదుట మాత్రము అంతా బాగానే ఉంటుంది. మరి ఇంటి లోపలి సంగతి తెలిసేదెట్లు?

కుటుంబ చికిత్స చేసేవారికీ ఇదే ప్రశ్న. ఒక్కరికే కాక ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి మాట్లాడించుటే ఈ చికిత్స. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల 1957లో మానసిక ఆరోగ్య కేంద్రమును ఆరంభించి, రోగితోపాటు ఇంటివారిని కూడ ఉంచుకొనే పద్ధతిని పాటించింది. బెంగుళూరు నిమ్‌హాన్స్‌లో కూడ కుటుంబ చికిత్స జరుగుతున్నది.

చికిత్సవలన మేలు కలిగిందో లేదో చూచుటకు బ్రిటన్‌లో పీటర్ స్ట్రాటన్, ఆయన సహచరులు "స్కోర్" అనే ప్రశ్నావళిని తయారుచేసి 2010లో ప్రకటించారు. మొదట 40 వాక్యములు. పరీక్షించి 15కు తగ్గించారు. ఇంటి బలములు, మీదపడిన కష్టములు, మాటామంతీ: ఒక్కొక్కదానికి ఐదేసి. 12 ఏండ్లు దాటినవారందరు ఎవరికి వారే, ఐదు మెట్లలో ఒకదానిని గుర్తించాలి. చికిత్స మొదట ఒకసారి, తరువాత మరలా.

ఇట్టిదానిని తెలుగులోనికి తేవాలంటే మాటలు మార్చితే చాలదు. బైబిలు అనువాదకులు కూడ వాడే పద్ధతి ఒకటున్నది. ఒకరు తెలుగు చేసినదానిని, మూలము చూడని మరొకరు తిరిగి ఇంగ్లీషులోనికి మార్చుతారు. అప్పుడు తేడా బయటపడుతుంది. ఆ తరువాత పల్లెలో చదివి వినిపించి, "మీకేమి అర్థమైంది?" అని అడగాలి. "కుటుంబము" అంటే ఉమ్మడి ఇంటి కోడలు ఎవరెవరిని లెక్కపెట్టుకుంటుంది? వేరుకాపురము పెట్టిన మరిది అందులో ఉన్నాడా? "మా ఇంట్లో మనసులోని మాట చెప్పవచ్చు" అనేది ఒక దేశములో బలము. మన ఊళ్లలో కొందరికి అది పెద్దలకు ఎదురు చెప్పుట.

చదువురాని తల్లికి కొడుకే చదివి వినిపిస్తే, ఆమె భర్తను గూర్చి నిజము చెప్పునా? కాబట్టి జవాబును బయటపెట్టని పరాయి మనిషి, ఆమెను వేరుగా కూర్చోబెట్టి అడగాలి.

కాలమును కూడ చూడాలి. కల్లములో మిరప ఎండుతున్నప్పుడు చెప్పిన జవాబు, విత్తనాలకు అప్పు కోసము తిరిగేటప్పుడు చెప్పిన జవాబు ఒకటి కావు. మార్పు చికిత్సవలన వచ్చిందా, పంటవలన వచ్చిందా? చికిత్స పొందని ఇండ్లను కూడ అదే కాలములో అడిగితేనే తేలుతుంది.

కాగితము ఇల్లు కట్టదు. అయితే తండ్రి "చాలా బాగున్నది" అన్నచోట కుమార్తె "అసలు లేదు" అని గుర్తు పెడితే, ఆ తేడాయే సంభాషణకు తలుపు. దెబ్బలున్న ఇంట, పురుగుమందు వైపు చూపు పోతున్న ఇంట మాత్రము ఏ ప్రశ్నావళి కొరకు ఆగవద్దు. 2022లో ప్రభుత్వము ఆరంభించిన టెలి మానస్‌కు, 14416కు ఫోను చేయండి. ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. ఈ రాత్రి కుటుంబ ప్రార్థన ముగిసిన తరువాత ఒకరినొకరు "ఎట్లున్నావు?" అని అడిగి, జవాబు వచ్చేదాక కూర్చోండి.