నేల ఉసిరి, ఆసుపత్రి మందు: ఎప్పుడు దేనిని ఆశ్రయించాలి?

వానాకాలంలో నాలుగు చినుకులు రాలితే చాలు, బెళుగుప్ప మండలంలోని మెట్టపొలాల గట్లు పచ్చబడతాయి. దేశంలో అతి తక్కువ వర్షపాతం గల జిల్లాల్లో అనంతపురం ఒకటి. అయినా ఈ కరువు నేల మూలికల విషయంలో పేదది కాదు. వేరుశనగ సాళ్ల మధ్య నేల ఉసిరి మొలుస్తుంది. దారి పక్కన ఉత్తరేణి, పల్లేరు పెరుగుతాయి. ఎంత ఎండ కాసినా తంగేడు, వేప, జిల్లేడు నిలిచే ఉంటాయి. పట్నవాసులకు ఇవి పిచ్చిమొక్కలు. ఇక్కడి అవ్వలకు, నానీలకు ఇవే మందుల బీరువా. గజ్జికి వేపాకు, దగ్గుకు మిరియాల కషాయం, కడుపునొప్పికి వాము, కామెర్లకు నేల ఉసిరి పసరు.

ఇంట్లో ఒకరి కళ్లు పచ్చబడ్డాయని అనుకుందాం. పెద్దవాళ్లు పసరు మందు పోసే ఊరికి పోదామంటారు. చదువుకున్న కొడుకు రక్తపరీక్ష చేయిద్దామంటాడు. కోడలికి భయంగా ఉంటుంది, కానీ పెద్దల మాటకు అడ్డు చెప్పలేదు. ఈ తర్జనభర్జనలో మూడు రోజులు గడుస్తాయి. కొన్ని జబ్బుల్లో ఆ మూడు రోజులు ఏమంత నష్టం చేయవు. మరికొన్ని జబ్బుల్లో ఆ మూడు రోజులే ప్రాణానికి వెల. ఏది ఏదో తెలుసుకోవడం ప్రతి కుటుంబం బాధ్యత.

వైద్యం చేయించుకోవడం విశ్వాసానికి విరుద్ధం కాదు

అల్లాహ్ ఏ వ్యాధినైనా దానికి తగిన చికిత్స లేకుండా దించలేదని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) బోధించారు. తేనెలో ప్రజలకు స్వస్థత ఉందని దివ్య ఖుర్ఆన్ అన్‌నహ్ల్ సూరా తెలుపుతోంది. నల్ల జీలకర్ర, అంటే మన కలోంజీ, గొప్పతనం గురించిన హదీసు మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. అయితే ఇదే సందర్భంలో అంతగా ప్రస్తావనకు రాని మరొక ఉదంతం ఉంది.

హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) అస్వస్థులైనప్పుడు దైవప్రవక్త (స) ఆయనను పరామర్శించడానికి వెళ్లారు. ఆయన ఛాతీపై చేయి ఉంచి, ఇది గుండెకు సంబంధించిన బాధ అని గ్రహించి, సఖీఫ్ తెగకు చెందిన హారిస్ బిన్ కలదా వద్దకు వెళ్లమని సూచించారు. హారిస్ ఆ కాలపు ప్రసిద్ధ వైద్యుడు. అబూ దావూద్ గ్రంథంలోని ఈ హదీసులోనే మదీనా అజ్వా ఖర్జూరాలతో మందు చేసే విధానం కూడా ఉంది. ఇంటి మందు, నిపుణుడైన వైద్యుడు: రెండూ ఒకే హదీసులో పక్కపక్కన నిలిచాయి. ఒకటి ఉంటే రెండవది అక్కరలేదని అక్కడ ఎవరూ అనలేదు.

వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడవుతాడని కూడా ఆయన (స) హెచ్చరించారు. నాటు వైద్యుడైనా, పల్లెల్లో సూదులు వేసే అర్హత లేని వైద్యుడైనా ఈ హెచ్చరిక అందరికీ వర్తిస్తుంది.

పసరుకు పేరు ఎలా వచ్చింది?

కామెర్లు నిజానికి ఒక జబ్బు కాదు, అనేక జబ్బుల లక్షణం. కలుషిత నీటి ద్వారా వ్యాపించే హెపటైటిస్ ఎ, ఇ రకాలు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. ఆ వారాల్లో రోగి ఏ పసరు తాగినా, ఏ పథ్యం చేసినా, చివరికి చేతిపై వాత పెట్టించుకున్నా, నయమైన పేరు దానికే దక్కుతుంది. హెపటైటిస్ బి మాత్రం అలా కాదు. రక్తం ద్వారా, శుభ్రపరచని సూదుల ద్వారా, కాన్పు సమయంలో తల్లి నుండి బిడ్డకు అది సోకుతుంది. కొందరిలో సంవత్సరాల తరబడి దాగి ఉండి కాలేయాన్ని గట్టిపరుస్తుంది, క్యాన్సర్‌కు దారితీస్తుంది. పిత్తాశయపు రాయి నాళానికి అడ్డుపడినా కళ్లు పచ్చబడతాయి. గర్భిణికి హెపటైటిస్ ఇ వస్తే అది ప్రాణాంతకం కావచ్చు. బయటికి అన్నీ ఒకే పసుపు రంగు. లోపల ఏమున్నదో వైద్య పరీక్షలే చెప్పగలవు.

మరి నేల ఉసిరిలో గుణమేమీ లేదా? ఈ ప్రశ్నను శాస్త్రవేత్తలు తేలిగ్గా కొట్టివేయలేదు. మద్రాసుకు చెందిన పరిశోధకులు, హెపటైటిస్ బి వైరస్‌ను కనుగొన్న నోబెల్ గ్రహీత బ్లంబర్గ్ కలిసి 1988లో లాన్సెట్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. నేల ఉసిరి పొడి తీసుకున్న 37 మందిలో 59 శాతం మంది రక్తంలో ఆ వైరస్ ఆనవాలు కనిపించకుండా పోయింది. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. కానీ తర్వాత ఇతర దేశాల్లో చేసిన పరీక్షల్లో అటువంటి ఫలితం మళ్లీ రాలేదు. అందుకే నేటి వైద్యులు హెపటైటిస్ బి చికిత్సకు దానిపై ఆధారపడరు. ఒక ఊరిలో పదిమందికి తగ్గిందన్న మాటకూ, మళ్లీ మళ్లీ పరీక్షించి నిలిచిన మాటకూ ఉన్న తేడా ఇదే.

ఈ తేడాను మన పూర్వికులు ఎప్పుడో గ్రహించారు. సుమారు 1,100 ఏళ్ల కిందట అబూ బకర్ అల్‌రాజీ మెదడు వాపు లక్షణాలున్న రోగుల్లో కొందరికి రక్తం తీయించి, మరికొందరిని కావాలనే ఆ చికిత్స లేకుండా ఉంచి, రెండు వర్గాలనూ పోల్చారు. ఆయన చేరుకున్న నిర్ణయాన్ని నేటి వైద్యం అంగీకరించదు. కానీ మందు వేయకపోతే ఏమై ఉండేదన్న ఆయన ప్రశ్నే నేటి వైద్య పరిశోధనకు పునాది.

హకీం అజ్మల్ ఖాన్ చూపిన బాట

మూలికకూ ప్రయోగశాలకూ వైరం లేదని నిరూపించిన వారిలో ఢిల్లీకి చెందిన హకీం అజ్మల్ ఖాన్ అగ్రగణ్యులు. ఆయన స్థాపించిన తిబ్బియా కళాశాల భవనాలను 1921లో గాంధీజీ ప్రారంభించారు. యునానీ, ఆయుర్వేద మూలికలను ఆధునిక రసాయనశాస్త్ర పద్ధతిలో పరిశీలించాలన్నది ఆయన సంకల్పం. జర్మనీలో చదివి వచ్చిన సలీముజ్జమాన్ సిద్దీఖీకి ఆయన ఆ బాధ్యత అప్పగించారు. హకీం సాహెబ్ 1927లో పరమపదించారు. 1931లో సిద్దీఖీ సర్పగంధ వేరు నుండి ఒక పదార్థాన్ని వేరుచేసి, గురువుపై గౌరవంతో దానికి అజ్మలీన్ అని పేరు పెట్టారు. గుండె లయకు సంబంధించిన కొన్ని జబ్బులను గుర్తించే పరీక్షల్లో అది నేటికీ ఉపయోగపడుతోంది. అదే వేరు నుండి 1952లో స్విట్జర్లాండ్‌లో వేరుచేసిన రెసర్పిన్ రక్తపోటుకు తొలి మందుల్లో ఒకటైంది. మన ఊరి వేపనూ సిద్దీఖీ వదలలేదు. 1942లో వేపనూనె నుండి నింబిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు.

మలేరియాకు వాడే ఆర్టెమిసినిన్ కథా ఇటువంటిదే. చైనా శాస్త్రవేత్త తు యూయూ ప్రాచీన వైద్య గ్రంథంలోని సూచన ఆధారంగా ఒక మూలిక నుండి దానిని సాధించి, 2015లో నోబెల్ బహుమతి పొందారు. కాబట్టి ఆసుపత్రి మాత్రను పరాయిదిగా, మూలికను మాత్రమే మనదిగా చూడనక్కరలేదు. మాత్రల్లో చాలావాటికి పుట్టిల్లు మొక్కే. మోతాదు నిర్ణయించి, హాని ఎంతో కొలిచి, పనిచేయని వాటిని వదిలివేసి మనకు అందించడమే ఆధునిక వైద్యం చేసిన మేలు.

సహజమైనదంతా సురక్షితం కాదు

ఆకు మందే కదా, మేలు చేయకపోయినా కీడు చేయదు అనే మాట మన ఇళ్లలో తరచూ వినబడుతుంది. ఇది ప్రమాదకరమైన మాట. మన మెట్టపొలాల్లో గాడిదగడప అనే చిన్న తీగ కనిపిస్తుంది. నులిపురుగులకు, చర్మవ్యాధులకు దానిని వాడే ఆచారం ఉంది. పాముకాటుకు అరగదీసి పోసే ఈశ్వరి వేరూ దాని బంధువే. ఈ జాతి మొక్కల్లో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది. బరువు తగ్గడానికి ఇటువంటి మూలిక కలిసిన మాత్రలు వాడిన బెల్జియం మహిళల మూత్రపిండాలు పాడైపోయాయని అక్కడి వైద్యులు 1993లో వెల్లడించారు. ఆ ఆమ్లం గల మొక్కలను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది.

అమెరికాలోని బోస్టన్ దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే 14 వాటిలో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ ఉన్నట్లు 2004లో బయటపడింది. పేరు, ముద్ర లేకుండా పొట్లాల్లో అమ్మే కీళ్లనొప్పుల పొడుల్లో స్టెరాయిడ్లు కలిపిన సందర్భాలూ ఉన్నాయి. నొప్పి వెంటనే తగ్గడమే వాటి ఆకర్షణ. ఎముకలు గుల్లబారడం, చక్కెర పెరగడం తర్వాత తెలిసివస్తాయి.

హాని లేకపోవడం వేరు, నయం చేయడం వేరు. 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య ఇచ్చిన కరోనా మందు కోసం జనం వేలాదిగా తరలివచ్చిన సంగతి మనకు గుర్తుంది. పరిశీలన జరిపించిన రాష్ట్ర ప్రభుత్వం, కంట్లో వేసే చుక్కలను మినహాయించి మిగిలిన మందుల పంపిణీకి మే 31న అనుమతి ఇచ్చింది. ఆ మందువల్ల హాని లేదని నివేదిక చెప్పిందే గాని, కరోనాను నయం చేస్తుందని చెప్పలేదు. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న అగాధాన్ని ఆనాడు చాలామంది గమనించలేదు.

గడియారం నడుస్తున్నప్పుడు

రాత్రివేళ కరెంటు రాగానే మోటారు వేయడానికి పొలానికి వెళ్లే రైతుకు పాముభయం నిత్యం ఉండేదే. మనదేశంలో పాముకాటువల్ల సగటున ఏటా 58,000 మంది మరణిస్తున్నారని 2020లో ప్రచురితమైన అధ్యయనం అంచనా వేసింది. విషం లేని పాము కరిచినా, విషసర్పం విషం వదలకుండా కరిచినా మనిషి బతుకుతాడు. అప్పుడు పసరు పోసినవానికి పేరు వస్తుంది. అది చూసి, నాగుపామో రక్తపింజరో నిజంగా విషం ఎక్కించిన మరొకరిని కూడా అక్కడికే తీసుకుపోతారు. అక్కడ గడిచే ప్రతి నిమిషం నష్టమే. కాటు దగ్గర కోయరాదు, నోటితో పీల్చరాదు, తాడుతో బిగించి కట్టరాదు. కాటు పడిన అవయవాన్ని కదలనీయకుండా విషవిరుగుడు సూది ఉన్న ఆసుపత్రికి చేర్చడమే చికిత్స.

గర్భిణికి రక్తస్రావం, ఛాతీలో నొప్పి, ఒకవైపు చేయికాలు పడిపోవడం, పసిబిడ్డ పాలు తాగకపోవడం, జ్వరంతో మూర్ఛ, రెండు వారాలు దాటిన దగ్గు, మగతతో కూడిన కామెర్లు: ఇవేవీ ఇంటి మందు కోసం ఆగే జబ్బులు కావు. ఇక అనంతపురం జిల్లాలో బోరు నీటిలో ఫ్లోరైడ్ అధికంగా ఉన్న ఊళ్లున్నాయి. అక్కడ నడుము బిగుసుకుపోతే ఏ తైలమూ దానిని తీర్చదు. తాగే నీటిని మార్చడమే అసలైన మందు.

ఇంటి వైద్యం గెలిచిన చోటు కూడా చెప్పుకోవాలి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బనగాఁవ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలింది. సెలైన్ సీసాలు నిండుకున్నాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా కలిపిన నీటిని తాగించారు. దాదాపు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతంలోపుకు దిగాయి. విరేచనాలు పట్టుకున్న బిడ్డకు ఏ తల్లైనా ఇంట్లో తాగించగల ఓఆర్‌ఎస్ ఇలాగే లోకానికి నమ్మకమైంది. మందు గొప్పతనం ఖరీదులో లేదు, పరీక్షకు నిలవడంలో ఉంది.

కుటుంబాలు పాటించవలసిన మర్యాద

పేదవాడు పసరు దగ్గరికి పోవడం కేవలం అజ్ఞానం కాదు. ఆసుపత్రికి పోతే ఆ రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీ కావాలి, గంటలకొద్దీ నిలబడాలి. చాలాచోట్ల రోగి మాట పూర్తిగా వినే తీరిక వైద్యునికి ఉండదు. నాటు వైద్యుడు మాత్రం కూర్చోబెట్టి, పేరుపెట్టి పలకరిస్తాడు. అనవసరపు సెలైన్లు, అడ్డూ అదుపూ లేని యాంటీబయాటిక్‌లు ఆధునిక వైద్యం పేరిట జరుగుతున్న తప్పులే. వాటిని తప్పులని చెప్పడానికి వెనుకాడనక్కరలేదు. కానీ కొందరు వైద్యుల లోపం వల్ల వైద్యాన్నే వదులుకుంటే నష్టపోయేది మనమే. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలు, అనంతపురం పెద్దాసుపత్రి, కళ్యాణదుర్గంలో, బత్తలపల్లిలో ఉన్న ఆర్‌డీటీ ఆసుపత్రులు ఈ ప్రాంత పేదలకు అందుబాటులో ఉన్నాయి. యునానీ వైద్యమే కావాలనుకుంటే కర్నూలు, హైదరాబాదు కళాశాలల్లో చదివి పట్టా పొందిన హకీములున్నారు. సంతలో పొట్లం అమ్మేవాడు హకీం కాడు.

ఇంట్లో మూడు నియమాలు పెట్టుకుందాం. మొదటిది, జలుబు, అజీర్తి వంటి చిన్న బాధలకు వంటింటి మందులు వాడుకోవచ్చు, కానీ రెండు మూడు రోజుల్లో తగ్గకపోతే వైద్యుని చూడాలి. రెండవది, తింటున్న ప్రతి మూలికనూ వైద్యునికి చెప్పాలి. చక్కెర మాత్రలు వేసుకునేవారు కాకర రసం, మెంతులు, కలోంజీ అధికంగా తీసుకుంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెప్పడానికి సిగ్గుపడనక్కరలేదు. మూడవది, ఆసుపత్రికి వెళ్లాలన్న మాట ఇంట్లో ఎవరి నోట వచ్చినా, అది చిన్న కోడలి నోట వచ్చినా, పెద్దలు దానిని ధిక్కారంగా భావించరాదు.

ఒంటెను కట్టి ఆపైన అల్లాహ్‌పై భారం వేయమన్న ప్రవక్త (స) బోధన మనకు తెలుసు. పరీక్ష చేయించడం, సరైన వేళకు మందు వేయడం ఆ తాడు కట్టడమే. స్వస్థత మాత్రం ప్రభువు చేతిలోనిది. గట్టుమీది నేల ఉసిరిని పుట్టించినవాడూ ఆయనే, దానిని పరీక్షించి చూడమని బుద్ధినిచ్చినవాడూ ఆయనే. దేహం ఆయన మనకు అప్పగించిన అమానత్. ఆ అమానత్‌ను కాపాడుకునే వివేకాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.