వికలాంగ బాలలకు ఊరి బడి: పంచాయతీ సభ్యుల కర్తవ్యము

ఊరిలో పాఠశాల లేకపోవుట ఆ ఊరికే చిన్నతనమని పంచాయతీ సభ్యులందరును తలంతురు. పాఠశాల మంజూరగుటకై మండల కార్యాలయము చుట్టును, జిల్లా కార్యాలయము చుట్టును తిరిగి, తుదకు సాధించుకొని వత్తురు. అట్లు సాధించిన పాఠశాలకు నూరు గజముల దూరమున ఒక ఇంటి అరుగుమీద కాళ్ళు వంకరపోయిన పిల్ల దినమెల్ల కూర్చుండి, తోడి పిల్లలు బడికి పోవుటను చూచుచున్నచో, అదియు ఊరికి చిన్నతనమే. కాని దానిని గూర్చి అడుగువారు అరుదు. "దాని రాత అంతే" యని ఇంటివారు సరిపెట్టుకొందురు. ఇంటివారే సరిపెట్టుకొనిరి కదా యని ఊరు ఊరకుండును.

ఇట్టి బాలబాలికలు మన ఊరి బడిలోనే, మన పిల్లల ప్రక్కనే కూర్చుండి చదువుకొనుట ఎట్లు సాధ్యమగునో, అందులో గ్రామ పంచాయతీ చేయదగిన పని యేమో ఈ వ్యాసమున వివరింప దలచితిమి.

నల్లగొండ నేర్పిన పాఠము

అంగవైకల్యము పూర్వజన్మ కర్మఫలమని నమ్మువారు నేటికిని కలరు. నల్లగొండ జిల్లా చరిత్ర ఆ నమ్మకమునకు తగిన సమాధానము చెప్పుచున్నది. ఫ్లోరోసిస్ అను వ్యాధి మన దేశమున ఉన్నట్లు మొదట 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించిరి. నల్లగొండ జిల్లాలోని ఈ వ్యాధిని గూర్చి డాక్టరు సిద్దీఖీ వ్రాసిన వ్యాసమును 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రకటించినది. 1973లో హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు ఇట్టి ప్రాంతములలో మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానినొకటి తాకుట అను వైకల్యమును వర్ణించిరి.

దీనికి కారణము భూగర్భములోని రాతి పొరలనుండి నీటిలో కరగిన ఫ్లోరైడు. త్రాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదు. అంతకు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో ఎదుగు పిల్లల పండ్లు గారపట్టును, ఎముకలు వంగును, కీళ్ళు బిగిసికొనును. ఒకమారు వంగిన ఎముకను మందులు తిన్నగా చేయజాలవు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి ప్రాంతముల గ్రామములలో ఒక తరము తరువాత ఒక తరము ఈ నీటికి బలియైనది.

పరిష్కారమునకు జరిగిన యత్నములును చిన్నవి కావు. పటికను, సున్నమును కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని నాగపూరునందలి జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు 1970వ దశకమున రూపొందించిరి. ఆ పద్ధతి ప్రపంచమంతట "నల్లగొండ పద్ధతి" యను పేరనే ప్రసిద్ధమైనది. 1996 లోకసభ ఎన్నికలలో ఈ జిల్లా నీటి కష్టమును దేశమునకు ఎరిగించుటకై నల్లగొండ నియోజకవర్గమున 480 మంది అభ్యర్థులు నిలబడిరి. తరువాతి కాలమున కృష్ణా జలములును, 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ నీరును ఇంటింటికి వచ్చుటచే ఎదుగు పిల్లలకు సురక్షిత జలము అందినది.

ఈ చరిత్ర మనకు రెండు విషయములను బోధించుచున్నది. ఆ పిల్లల కాళ్ళను వంచినది వారి కర్మము కాదు, ఊరి నీరు. ఊరంతయు త్రాగిన నీటివలన కలిగిన నష్టమును ఒక్క ఇంటివారు మోయవలెననుట న్యాయము కాదు. రెండవది యేమనగా, వంగిన ఎముకవలన బుద్ధి వంగలేదు. నడవలేని పిల్ల లెక్కలు చేయగలదు, పద్యము చదువగలదు. ఆమెను చదువునకు దూరము చేసినవి బడి గడపయు, మన ఉపేక్షయు.

ఫ్లోరోసిస్ ఒక్కటియే కాదు. చూపు లేనివారు, వినికిడి లేనివారు, పోలియో సోకినవారు, బుద్ధి ఎదుగుదలలో వెనుకబడినవారు ప్రతి గ్రామమునను ఉందురు. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున 2 కోట్ల 68 లక్షల మంది వికలాంగులు కలరు. అనగా జనాభాలో నూటికి 2.21 వంతులు. ఆ లెక్కల ప్రకారమే 5 మొదలు 19 సంవత్సరముల వయస్సుగల వికలాంగులలో నూటికి సుమారు 27 మంది ఎన్నడును బడి గడప త్రొక్కనివారు.

చట్టము ఏమి చెప్పుచున్నది?

వికలాంగ బాలలు సాధారణ పాఠశాలలలోనే చదువుకొనుట మేలని 1966లో కొఠారీ కమిషను సూచించినది. 1974లో అందుకు కేంద్ర పథకమొకటి ఏర్పడెను. 2009నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. 6 మొదలు 14 సంవత్సరముల వరకు గల ప్రతి బాలునకును, బాలికకును ఉచిత నిర్బంధ విద్య నొసగవలెనని దాని శాసనము. పంచాయతీ సభ్యులు ముఖ్యముగా గుర్తుంచుకొనవలసిన మాట యొకటి అందులో కలదు. తన పరిధిలో నివసించు 14 సంవత్సరముల లోపు పిల్లల వివరములను స్థానిక సంస్థ వ్రాసి ఉంచవలెను. ఆ చట్టము దృష్టిలో పంచాయతీయును స్థానిక సంస్థయే.

2016నాటి వికలాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిల్ 19 నుండి అమలులో ఉన్నది. అది 21 విధముల వైకల్యములను గుర్తించినది. నూటికి 40 వంతులకు తక్కువ కాని వైకల్యము గల బాలబాలికలకు 6 మొదలు 18 సంవత్సరముల వరకు ఉచిత విద్య పొందు హక్కు కలదు. ఆ విద్యను సమీప పాఠశాలలో పొందవలెనో, ప్రత్యేక పాఠశాలలో పొందవలెనో కోరుకొనుట వారి ఇష్టము. ఏ వివక్షయు లేక చేర్చుకొనుట, భవనమును వారికి అనువుగా చేయుట పాఠశాల విధి. బడికి పోవు పిల్లలలో వికలాంగులను గుర్తించుటకై 5 సంవత్సరముల కొకమారు సర్వే జరుపవలెనని కూడ ఆ చట్టము ఆదేశించినది. కావున "మా బడిలో ఇట్టివారిని చేర్చుకొనము" అని చెప్పు అధికారము ఎవరికిని లేదు.

కొన్ని సందేహములు

"ప్రత్యేక పాఠశాలలు ఉన్నవి కదా, అచ్చటికి పంపరాదా?" యని కొందరడుగుదురు. పంపదలచిన తలిదండ్రులను ఎవరును వారింపరు. కాని అట్టి పాఠశాలలు పట్టణములలో ఉన్నవి. ఆరేండ్ల పసిపిల్లను, అందునను ఆడపిల్లను, అంత దూరము పంపుటకు తల్లి మనస్సొప్పదు. ఫలితముగా పిల్ల ఇంటనే ఉండిపోవును. పైగా ఆ పిల్ల రేపు జీవింపవలసినది ఈ ఊరిలోనే. ఈనాడు ఒకే బల్లపై కూర్చుండి చదివినవారే రేపు ఆమెకు ఇరుగుపొరుగువారు, తోడి ఓటర్లు అగుదురు.

"ఇతర పిల్లల చదువు చెడదా?" యని మరియొక సందేహము. నల్లబల్లపై పెద్ద అక్షరములు వ్రాసినచో, నిదానముగా స్పష్టముగా చెప్పినచో, వస్తువులను చేతికిచ్చి చూపినచో చూపు తగ్గిన పిల్లవానికే గాక తరగతిలోని వెనుకబడిన వారందరికిని పాఠము తెలియును.

"మా ఉపాధ్యాయునకు బ్రెయిలీ లిపి రాదే" యనుట నిజమైన చిక్కు. దానిని తేలికగా త్రోసివేయరాదు. ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు ప్రాథమిక దశలో 10 మంది వికలాంగ విద్యార్థులకు ఒకడు, పై దశలలో 15 మందికి ఒకడు ఉండవలెనని సర్వోన్నత న్యాయస్థానము 2021లో తీర్పు చెప్పినది. మన రాష్ట్రమున మండల స్థాయిలో భవిత కేంద్రములును, సహిత విద్య రిసోర్సు ఉపాధ్యాయులును కలరు. వారు ఊళ్ళకు వచ్చి ఉపాధ్యాయునకు తోడ్పడుదురు. ఊరిలో ఇట్టి పిల్ల ఉన్నట్లు తెలిసిననే గదా వారు వచ్చుట! ఆ తెలియజేయుట పంచాయతీ పని.

పంచాయతీ చేయదగిన పనులు

మొదటిది, లెక్క. 2000 జనాభా గల గ్రామమును తలంచుకొందము. దేశపు సగటు ప్రకారము అందు సుమారు 44 మంది వికలాంగులు ఉండవలెను. మీ రిజిస్టరులో నలుగురి పేర్లే ఉన్నచో, తక్కినవారు లేరని అర్థము కాదు. వారిని ఎవరును అడుగలేదని అర్థము. ప్రతి వార్డు సభ్యుడును అంగన్‌వాడీ టీచరును, ఆశా కార్యకర్తను వెంట నిడుకొని తన వార్డులోని ప్రతి ఇంటిని చూడవలెను. "మీ ఇంట కుంటివారున్నారా?" యని వాకిట నిలిచి అడిగినచో ఎవరును చెప్పరు. "మీ పిల్లలెందరు? ఎవరెవరు బడికి పోవుచున్నారు?" అని కూర్చుండి అడిగినచో సంగతి తెలియును.

రెండవది, పరీక్ష. మొద్దు యని పేరుపడిన పిల్లవాడు కేవలము నల్లబల్ల కనబడక వెనుకబడి ఉండవచ్చును. కండ్లద్దములు పెట్టినచో వాని మొద్దుతనము పోవును. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్య బృందములు అంగన్‌వాడీలకును, పాఠశాలలకును వచ్చి పిల్లలను పరీక్షించును. ఆ దినమున బడికి రాని పిల్లలను గూడ అచ్చటికి చేర్చుట వార్డు సభ్యుని పని. వైకల్య ధ్రువపత్రము కొరకు తలిదండ్రులు కూలి చెడగొట్టుకొని పలుమార్లు తిరుగకుండ చూడవలెను.

మూడవది, దారి. గడప ఎత్తు ఒక అడుగైనచో వాలుబాట పొడవు 12 అడుగులుండవలెను. అంతకంటె నిట్రముగా కట్టిన వాలుబాట చక్రముల కుర్చీని జార్చును. పెక్కు బడులలో కేవలము తనిఖీ కొరకు కట్టిన వాలుబాటలు ఇట్టివే. ప్రక్కన పట్టుకొను కమ్మీలు, మరుగుదొడ్డిలో చేతిపట్టు, మూడడుగుల వెడల్పు గల తలుపు అవసరము. మరుగుదొడ్డికి పోలేని పిల్ల, ముఖ్యముగా ఎదిగిన ఆడపిల్ల, బడి మానుననుట అనుభవము.

నాలుగవది, తోడు. సమగ్ర శిక్ష క్రింద రవాణా భత్యము, తోడువచ్చు వారికి భత్యము, చదివి వినిపించు వారికి భత్యము కలవు. వికలాంగ బాలికలకు నెలకు 200 రూపాయల చొప్పున 10 నెలల ఉపకారవేతనము కలదు. పరీక్షలలో అదనపు కాలమును, వ్రాయుటకు సహాయకుని ఇచ్చుటయు ఉన్నవి. అర్హులకు ఇవి అందినవో లేదో గ్రామసభలో చదివి వినిపించినచో లోపములు వాటంతట అవే బయటపడును. బిడ్డ బడికి పోయినచో పింఛను ఆగిపోవునని కొందరు తలిదండ్రులు భయపడుదురు. ఆ భయము నిరాధారమని వారికి తెలియజెప్పవలెను.

ఐదవది, మంచముమీది నుండి లేవలేని పిల్లలు. తీవ్రమైన వైకల్యము గలవారు ఇంటివద్దనే చదువుకొనుటకు 2012నాటి సవరణ వీలు కల్పించినది. ఇది తలిదండ్రులు కోరుకొనవలసినది. బరువు దించుకొనుటకు బడి దీనిని సాకుగా చెప్పరాదు.

వలసపోవు ఇండ్లు

పాలమూరు సోదరులకు ఒక మాట. దేశములోని పెక్కు ఆనకట్టలయందును, కాలువలయందును పాలమూరు కూలీల చెమట కలదు. మక్తల్, కోస్గి, నారాయణపేట ప్రాంతముల నుండి పనికాలమున కుటుంబములు వలసపోవునపుడు వికలాంగ బాలుని గతి యేమి? వెంట తీసికొనిపోయినచో పనిచోట బడి ఉండదు. ఇంట విడిచినచో వానిని ఎత్తి దింపుటకు ముసలి అవ్వకు శక్తి చాలదు. కావున వలస మొదలగుటకు ముందే ఇట్టి ఇండ్లను గుర్తించి, బడికి తీసికొనిపోవు తోడును ఏర్పరచి, మధ్యాహ్న భోజనము వానికి తప్పక అందునట్లు ప్రధానోపాధ్యాయునితో మాట్లాడుట పంచాయతీకి పెద్ద ఖర్చు లేని పని. ఫలితము మాత్రము ఒక జీవితమంతటిది.

చట్టములు శాసనసభలలో పుట్టును. అవి బ్రతుకుట మాత్రము గ్రామములలోనే. రాబోవు గ్రామసభ కార్యక్రమ పట్టికలో ఈ యంశమును చేర్చుడు. మీ వార్డులో బడికి రాని పిల్లల పేర్లు వ్రాసికొని రండు. వాలుబాట కట్టుటకు తీర్మానము చేయుడు. వచ్చు జూన్ మాసమున బడి తలుపులు తెరచునాడు ఆ పేర్లు గల పిల్లలు తరగతిలో ఉన్నారో లేదో మీరే స్వయముగా పోయి చూడుడు. ఒక్క పేరు తగ్గినను ఆ ఇంటికి మరల పోవుడు.