బూజు మిగిల్చిన విషం

ఆహారాన్ని చక్కగా కాచి, మూతపెట్టి ఉంచితే రోగభయం లేదన్న నమ్మకం ప్రాచీనమైనదే గాని, దానికి శాస్త్రీయమైన పునాది పందొమ్మిదవ శతాబ్దంలో ఏర్పడినది. గాజుసీసాలలో ఆహారపదార్థాలను బిగించి, మరిగే నీటిలో ఉంచి నిలవచేసే పద్ధతిని నికొలా అపేర్ అనే ఫ్రెంచి దేశస్థుడు 1810లో ప్రకటించాడు. అది ఎందుకు ఫలిస్తున్నదో ఆయనకు తెలియదు. ఆహారం చెడిపోవడానికి కారణం సూక్ష్మజీవులేనని, వేడికి అవి నశిస్తాయని అర్ధశతాబ్దం తరువాత లూయీ పాశ్చర్ నిరూపించాడు. 1895లో బెల్జియంలోని ఒక గ్రామంలో నిలవచేసిన పంది మాంసం తిన్నవారు జబ్బుపడగా, వాన్ ఎర్మెంగెమ్ ఆ మాంసంలో బొటులిజం వ్యాధిని కలిగించే క్రిమిని కనుగొన్నాడు. క్రిమి కన్న క్రిమి విడిచిన విషమే ప్రమాదకరం కావచ్చునని దీనితో తేలినది. అయినా ఆ విషం కూడ కొంతసేపు మరిగితే విరిగిపోయేదే. వంటింటి నిప్పు మీద విశ్వాసం అప్పటికింకా చెక్కుచెదరలేదు.

దానిని చెదరగొట్టినది ఒక బూజు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు కొద్ది నెలలలో చనిపోయినవి. అంటువ్యాధి లక్షణాలేవీ కనిపించలేదు. వాటి మేతలో కలిపిన వేరుశనగ చెక్క బ్రెజిల్ నుండి వచ్చినది. ఆ చెక్కలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే శిలీంధ్రం ఉత్పత్తి చేసిన విషపదార్థాలు బయటపడినవి. శిలీంధ్రం పేరులోని అక్షరాలు కూర్చి వాటికి అఫ్లటాక్సిన్లు అని నామకరణం చేశారు. అతినీలలోహిత కాంతిలో నీలంగా మెరిసేవి బి వర్గం, ఆకుపచ్చగా మెరిసేవి జి వర్గం. వీటిలో బి-1 అత్యంత తీవ్రమైనది. కాలేయాన్ని దెబ్బతీస్తుంది, క్యాన్సరు కలిగిస్తుంది. బూజును దులిపివేసినా, ఎండబెట్టి చంపినా, గింజలోనికి దిగిన విషం అందులోనే ఉండిపోతుంది. అన్నం వండే వేడికి, రొట్టె కాల్చే వేడికి అది లొంగదు.

ఈ వార్త భారతదేశానికి ప్రత్యేకించి కలవరం కలిగించినది. పోషకాహార లోపం గల పిల్లలకు చౌకగా మాంసకృత్తులు అందించగల పదార్థంగా వేరుశనగ పిండిని శాస్త్రజ్ఞులు ప్రోత్సహిస్తున్న కాలమది. కూనూరులో 1918లో ప్రారంభమై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాలలో తుల్పులే, మాధవన్, గోపాలన్‌లు కోతిపిల్లలకు అఫ్లటాక్సిన్ తినిపించి, వాటి కాలేయం దెబ్బతినడాన్ని 1964లో ప్రకటించారు. ఈ సంస్థయే 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థగా వ్యవహరింపబడుతున్నది. కోతులలో కనిపించినది మనుషులలోనూ జరుగునా అన్న ప్రశ్న మాత్రం మిగిలిపోయినది.

పదేళ్లకు సమాధానం వచ్చినది. 1974 శరత్తులో రాజస్థాన్‌లోని బాంస్వారా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాలలో అకాల వర్షాలకు మొక్కజొన్న పంట తడిసినది. ఆ గింజలు సరిగా ఆరకుండానే ఇళ్లకు చేరినవి. ఇరుగుపొరుగు జిల్లాలైన ఈ రెండింటిలోను గిరిజనులకు మొక్కజొన్న రొట్టెయే ప్రధానాహారం. జ్వరం, వాంతులతో మొదలై, కామెర్లు, ఆపైన పొట్టలో నీరు చేరడం – ఇదీ వ్యాధి క్రమం. 397 మందికి సోకగా, 106 మంది మరణించారు. కామెర్లనగానే అంటువ్యాధి అనుకోవడం సహజం. కాని ఈ వ్యాధి మొక్కజొన్న తినే ఇళ్లలోనే కనిపించినది. ఆ ఇంటివారి ఎంగిలి తిన్న కుక్కలు సైతం అవే లక్షణాలతో చనిపోయినవి. హైదరాబాదు నుండి వెళ్లిన కృష్ణమాచారి, భట్ ప్రభృతులు గింజలను పరీక్షించగా, కిలోకు 6.25 నుండి 15.6 మిల్లీగ్రాముల వరకు విషం ఉన్నది. వేరుశనగ పిండికి అంతర్జాతీయ నిపుణులు అప్పటికి అనుమతించిన పరిమితి కిలోకు 30 మైక్రోగ్రాములు. అనగా 200 నుండి 500 రెట్లు! ఆ గింజలు బూజు పట్టినవని తినేవారికి తెలియకపోలేదేమో. పారవేసి మరొకటి తినే స్థితి వారికి లేదన్నది మాత్రం స్పష్టం.

నివారణలో గొప్ప రహస్యమేమీ లేదు. వేరుశనగ గింజలో తేమ నూటికి 8 పాళ్లకు, మొక్కజొన్నలో 13 పాళ్లకు మించకుండా ఆరబెట్టాలి. ముడుచుకున్నవి, రంగు మారినవి ఏరివేయాలి. కాయ ఊరే దశలో వర్షాభావం ఏర్పడితే శిలీంధ్రం నేలలోనే కాయను పట్టుకొంటుంది గనుక, అనంతపురం వంటి మెట్టప్రాంతాలలో కోతకు ముందే జాగ్రత్త అవసరం. 1972లో పటాన్‌చెరువులో వెలసిన ఇక్రిశాట్ సంస్థ ఈ దిశగా విశేషమైన కృషి చేసినది. ఏరివేసిన గింజలు మాత్రం ఎక్కడికి పోతున్నవి? గానుగకు పోతే విషంలో అధికభాగం చెక్కలో మిగులుతుంది. చెక్క పశువు తింటే, కొంత రూపం మార్చుకొని ఎం-1గా పాలలోనికి వస్తుంది. కనుకనే పాలలో ఎం-1 కిలోకు 0.5 మైక్రోగ్రాము మించరాదని భారత ఆహార భద్రతా నిబంధనలు నిర్దేశిస్తున్నవి.

నిబంధనలు అంగడికి వచ్చిన సరుకుకే వర్తిస్తాయి. 2004లో కెన్యాలోని తూర్పు జిల్లాలలో ఇదే విషం వల్ల 317 మంది జబ్బుపడి, 125 మంది మరణించారు. అక్కడి మొక్కజొన్న కూడ ప్రధానంగా సొంత పొలంలో పండి, తడిగా ఇంటిలో నిలవచేసుకొన్నదే. ఆ గింజను ఏ తనిఖీ అధికారీ చూడలేదు.